స్ప్రింగ్ మీద 30 మిల్లీమీటర్లు

ఎపిసోడ్ వినడానికి వీలు కాని వాళ్ళ కోసం మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడినట్టే ఉంచాం, తడబడిన చోట మాత్రం సరిచేశాం.

ఈ ఎపిసోడ్ డ్యూటీ దిగి బస్సులో కూర్చుని వింటున్న వాళ్ళకు, రూమ్‌లో కూర పొయ్యి మీద పెట్టి వింటున్న వాళ్ళకు, నైట్ షిఫ్ట్‌కి బూట్లు వేసుకుంటూ వింటున్న వాళ్ళకు, అందరికీ.

నా గురించి రెండు ముక్కలు చెప్పి మొదలుపెడతా. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేసి 2004లో దుబాయ్ వచ్చా. హెల్పర్‌గా మొదలై, ఫ్యాబ్రికేటర్ అయి, ఛార్జ్‌హ్యాండ్ అయి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. వయసు 44. నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఒకటే పిచ్చి, ఇసుకలో బండి తోలడం.

అది తెలిసిన వాళ్ళు ఈ మధ్య వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నారు. "అన్నా, దిబ్బ మీద బండి పొట్ట తగులుతున్నది. స్ప్రింగ్ స్పేసర్లు వేస్తే సరిపోతుందా? రూమ్ దగ్గర మనమే వేసుకోవచ్చా?" అని. ఇవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు సులువు. రెండోదానికి జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పుకు నష్టపోయింది నేను కాదు, నన్ను నమ్మిన ఒక తమ్ముడు. అతన్ని అడిగి, అతను సరే అన్నాకే ఈ రోజు మైక్ ముందు కూర్చున్నా.

బండి ఎందుకు కుంగింది

2018లో నేనూ మా రూమ్‌లో ఉండే ఇంకో ఆయనా చెరి సగం వేసుకుని పాత నిస్సాన్ పాట్రోల్ ఒకటి కొన్నాం. వై61 మోడల్. ఇక్కడ సఫారీ అని కూడా అంటారు. ఎడారికి పోయేవాళ్ళలో దానికి ఎంత పేరుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ముందూ వెనకా గట్టి యాక్సిల్, నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు. వైర్లు తక్కువ, ఇనుము ఎక్కువ. ఫిట్టర్ చేసిన వాడికి చూడగానే నచ్చే బండి.

కొన్న నెలలోపే హత్తా పోయే రోడ్డు పక్కన బదాయర్ ఇసుక దిబ్బలకు తీసుకుపోయాం. దిబ్బ బాగానే ఎక్కింది. పైకి రాగానే పొట్ట ఇసుక మీద కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి గానీ నేల అందడం లేదు. ఎండలో గంటసేపు పారతో తవ్వాం. పక్కనుంచి పోయేవాళ్ళు నవ్వారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆగి తాడు కట్టి లాగారు, పుణ్యాత్ములు.

తిరిగొచ్చాక టేపు పెట్టి కొలిచా. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా, నాలుగు మూలలా. వెనక కుడివైపు ఎడమకంటే 15 మిల్లీమీటర్లు కిందకుంది. మొత్తంగా వెనక భాగం ముందుకంటే కుంగి ఉంది. పాత యజమాని సంవత్సరాల తరబడి సామాను వేసి తిప్పినట్టున్నాడు, స్ప్రింగులు అలిసిపోయాయి. కొత్త స్ప్రింగుల సెట్టు ధర అడిగితే నా చేతిలో ఉన్న డబ్బుకు చాలలేదు. ఆ నెల ఇంటికి పంపాల్సింది ఎక్కువుంది. అప్పుడు ఎవరో స్పేసర్ల సంగతి చెప్పారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక స్పేర్ పార్ట్స్ కొట్టులో నాలుగు కొన్నా. 30 మిల్లీమీటర్ల మందం.

స్పేసర్ అంటే ఏంటి, ఏం చేయదు

చూడని వాళ్ళకు చెప్తా. స్పేసర్ అంటే పెద్ద గారె ఆకారంలో ఉండే ముక్క. మధ్యలో రంధ్రం. గట్టి పాలీయురేథేన్‌తోనో, అల్యూమినియంతోనో చేస్తారు. స్ప్రింగ్ పై చివరకూ బండి చాసిస్‌లో స్ప్రింగ్ కూర్చునే గిన్నెకూ మధ్యలో దీన్ని పెడతారు. పాట్రోల్ లాంటి గట్టి యాక్సిల్ బండిలో స్ప్రింగ్ నేరుగా యాక్సిల్ మీద నిలబడుతుంది కాబట్టి 30 పెడితే బాడీ దాదాపు 30 లేస్తుంది. అదే స్ప్రింగ్ ఆర్మ్ మధ్యలో కూర్చునే బండ్లలో లెక్క వేరు. ఆర్మ్ మీటలాగా పనిచేస్తుంది, అక్కడ పెట్టిన మందం కంటే చక్రం దగ్గర ఎక్కువ తేడా వస్తుంది.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. నేను ఇవి తెలుసుకోకుండానే కొన్నా.

ఒకటి. స్పేసర్ వేస్తే స్ప్రింగ్‌కు బలం రాదు. మన ఇళ్ళల్లో నులక మంచం ఉంటుంది కదా, దాని కోళ్ళ కింద ఇటుకలు పెట్టినట్టు. మంచం ఎత్తవుతుంది. నులక వదులుగా ఉంటే వదులుగానే ఉంటుంది, పడుకుంటే నడుం అంతే కుంగుతుంది. అలిసిపోయిన స్ప్రింగ్ మీద స్పేసర్ పెట్టినా అంతే.

రెండు. గట్టి యాక్సిల్ బండిలో స్పేసర్ వేస్తే లేచేది బాడీ, చాసిస్. యాక్సిల్ లేవదు. యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి డిఫరెన్షియల్ నేలకు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంటుంది. దాన్ని ఎత్తాలంటే పెద్ద టైర్లు ఒక్కటే దారి. దిబ్బ మీద పొట్ట తగలడం తగ్గుతుంది, ముందు బంపర్ ఇసుకలో గుచ్చుకోవడం తగ్గుతుంది, అది నిజం. రాళ్ళ వాదీలో డిఫరెన్షియల్ రాయికి కొట్టుకుంటుంటే మాత్రం స్పేసర్ ఏమీ చేయలేదు.

మూడు. ఇసుకలో ఇరుక్కునేవాళ్ళలో ఎక్కువమందికి సమస్య ఎత్తు కాదు, టైరులో గాలి. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరును ఇసుకలోకి దిగేముందు 15 దాకా దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఆ రోజు బదాయర్‌లో మేము 25 దగ్గరే ఆపేశాం, ఎక్కువ దించితే టైరు పాడవుతుందన్న భయంతో. స్పేసర్లకు పెట్టిన డబ్బు కంటే ముందు ఒక మంచి గేజ్, గాలి కొట్టే కంప్రెసర్ కొనాల్సింది. మళ్ళీ రోడ్డెక్కే ముందు గాలి నింపడం మరిచిపోవద్దు. తక్కువ గాలితో రోడ్డు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

ఆ శుక్రవారం

2019 చలికాలం. అప్పట్లో మాకు శుక్రవారం సెలవు. పొద్దున టిఫిన్ చేసి, మా అకామడేషన్ వెనక ఖాళీ స్థలంలో బండి నిలబెట్టా. గరాజ్‌కు పోతే కూలీ అడుగుతారు. నేను ఫిట్టర్‌ని, నాకెందుకు అనుకున్నా.

సాయానికి మా పక్క ఊరి పిల్లోడు వచ్చాడు. అప్పుడు 24 ఏళ్ళు. షట్టరింగ్ కార్పెంటర్. నా టీమ్‌లోనే పని. "అన్నా" అని తప్ప పిలవడు. నేను పిలిస్తే రానని అనేవాడు కాదు. ఇక్కడే ఒక మాట. సూపర్‌వైజర్ సెలవు రోజు సాయం అడిగితే అది సాయమా, ఆర్డరా? ఆ రోజు నాకు ఆ ఆలోచనే రాలేదు.

నా దగ్గర ఒక ట్రాలీ జాకీ ఉంది, ఇంకోటి అప్పు తెచ్చా. జాకీ స్టాండ్లు లేవు. నేల గట్టిగా తొక్కిన ఇసుక, కాంక్రీట్ కాదు. జాకీ దిగబడకుండా కింద ప్లైవుడ్ ముక్క వేశా. చాసిస్ కింద పెట్టడానికి ఏం దొరికింది? సైట్ నుంచి వచ్చిన హాలో బ్లాకులు. రెండు రెండు పేర్చి, పైన చెక్క ముక్క పెట్టి, బండి వెనక భాగాన్ని వాటి మీద దించా.

మీలో మేస్త్రీ పని చేసేవాళ్ళు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. హాలో బ్లాక్ గోడలో వరసగా కూర్చుంటే బరువు మోస్తుంది. ఒక చిన్న చోట బరువంతా పడితే పగులుతుంది, ముందు చప్పుడు కూడా చేయదు. ఇది నాకు తెలుసు. తెలియడమేంటి, నా సైట్‌లో బ్లాకుల మీద నిలబడి డ్రిల్లింగ్ చేస్తున్న ఇద్దరిని ఆ వారమే దింపి, మందలించి పంపించా. ప్రతి పొద్దునా టూల్‌బాక్స్ టాక్ ఇచ్చేది నేనే. "కింద ఏం పెట్టారో చూసుకోండి, పైన ఏం ఉందో చూసుకోండి" అని.

వెనక చక్రాలు తీశాం. షాకప్సర్ల కింది బోల్టులు తీశాం. యాక్సిల్ కింద ఉన్న జాకీని మెల్లగా దించితే ఎడమ స్ప్రింగ్ వదులైంది. తీసి, పైన స్పేసర్ పెట్టి, మళ్ళీ ఎక్కించాం. అరగంటలో అయిపోయింది. ఇంత సులువా అనుకున్నా. కుడివైపు వచ్చేసరికి స్పేసర్ పక్కకు జరుగుతోంది. ఆ పిల్లోడు "నేను పట్టుకుంటా అన్నా" అని చేయి లోపల పెట్టి స్పేసర్‌ను గిన్నెలో సర్దుతున్నాడు. నేను జాకీ హ్యాండిల్ దగ్గరున్నా, యాక్సిల్‌ను కొంచెం కొంచెం లేపుతున్నా.

కుడివైపు బ్లాక్ పగిలింది. అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు. బండి బెత్తెడు కిందికి దిగింది. వాడి వేళ్ళు స్పేసర్‌కూ గిన్నెకూ మధ్యలో ఉన్నాయి.

అప్పుడు నా చేయి చేసిన మొదటి పని ఏంటో తెలుసా? జాకీ హ్యాండిల్ కిందికి నొక్కబోయింది. బండి పడింది కాబట్టి బండిని లేపాలని బుద్ధి చెప్పింది. కానీ ఆ జాకీ చాసిస్ కింద లేదు, యాక్సిల్ కింద ఉంది. యాక్సిల్ లేపితే స్ప్రింగ్ ఇంకా పైకి వచ్చి వేళ్ళను ఇంకా నలిపేది. సగం నొక్కి ఆగా. దేవుడే ఆపాడో, ఫిట్టర్ చదువే ఆపిందో తెలియదు. హ్యాండిల్ తిప్పి జాకీ ప్రెషర్ వదిలేశా. యాక్సిల్ కిందికి దిగింది, స్ప్రింగ్ వదులైంది, చేయి బయటికి వచ్చింది.

ఎడమ చేయి ఉంగరపు వేలు పై కణుపు పోయింది. మధ్య వేలు నలిగింది గానీ డాక్టర్లు నిలబెట్టారు. వాడు బండి కింద తల పెట్టి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ రాత్రిళ్ళు ఆలోచిస్తా.

ఆ తర్వాత రెండు రోజులు

హాస్పిటల్‌లో ఎలా జరిగిందని అడిగితే, నేను నోరు తెరిచేలోపు వాడే చెప్పాడు, తలుపు పడిందని. నా ఉద్యోగం పోతుందని వాడి భయం. అకామడేషన్‌లో బండి పని చేయకూడదని బోర్డు మీద రాసి ఉంది. నేను మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. వాడి నాన్న ఫోన్ చేసి "నువ్వున్నావు కదా కొడుకా, మాకు ధైర్యం" అన్నాడు. మూడో రోజు పొద్దున క్యాంప్ బాస్ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పా.

నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు, కొన్నాళ్ళు జీతంలో కోత పెట్టారు. అది న్యాయమే. అన్యాయం అయింది వాడికి. సైట్‌లో డ్యూటీ టైమ్‌లో జరిగితే పని ప్రమాదం కింద వచ్చే పరిహారం వాడికి రాలేదు. సెలవు రోజు, సొంత పని, అది కూడా వాడి సొంతం కాదు, నాది. ఆరు వారాలు పనికి పోలేదు. ఆ ఆరు వారాల ఓవర్‌టైమ్ లెక్క కట్టి నేనే వాడి ఇంటికి పంపా. దాంతో వేలు రాదు. సుత్తి పట్టే మనిషి, మేకు పట్టుకునే చేయి.

ఇప్పుడు వాడు ఛార్జ్‌హ్యాండ్. పని బాగా చేస్తాడు. ఈ ఎపిసోడ్ గురించి అడిగినప్పుడు ఒక్కటే అన్నాడు: "చెప్పు అన్నా. కానీ నేనేదో తెలివితక్కువగా చేయి పెట్టిన అన్నట్టు చెప్పకు. నువ్వు ఉన్నవని పెట్టిన."

సరిగ్గా ఎలా చేయాలి

రెండు నెలల తర్వాత మిగిలిన పని ఒక లైసెన్స్ ఉన్న వర్క్‌షాప్‌లో చేయించా. డబ్బు ఇచ్చి, పక్కన నిలబడి చూశా. ఎడమవైపు నేను వేసింది కూడా విప్పించి మళ్ళీ వేయించా. అక్కడ చూసిందీ, తర్వాత నేర్చుకుందీ వరసగా చెప్తా. మీరు సొంతంగా చేసినా, చేయించినా, ఏం జరగాలో తెలిసి ఉండాలి.

నేల కాంక్రీట్ అయి ఉండాలి, సమంగా ఉండాలి. వెనక భాగం లేపుతుంటే ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టాలి. వీల్ నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేయాలి. జాకీ అనేది లేపడానికే. మోయడానికి స్టాండు. రెండు స్టాండ్లు చాసిస్ కింద, బండి బరువుకు సరిపడా రేటింగ్ ఉన్నవి. పాట్రోల్ రెండు టన్నులకు పైనే ఉంటుంది. స్టాండ్ల మీద దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడాలి. ఊగితే మళ్ళీ సర్దాలి. తీసిన చక్రాన్ని చాసిస్ కింద పడుకోబెట్టాలి. స్టాండు మోసం చేసినా చక్రం ఆపుతుంది. రెండో జాకీ యాక్సిల్ కింద.

తర్వాత షాకప్సర్ కింది బోల్టు, అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్ లింకు విప్పాలి. యాక్సిల్ దించే ముందు మూడు చూడాలి: బ్రేక్ రబ్బరు పైపు, ఏబీఎస్ వైరు, డిఫరెన్షియల్ గాలి పైపు. యాక్సిల్ ఎప్పుడూ బ్రేక్ పైపు మీద వేలాడకూడదు. సాగిన పైపు ఆ రోజు తెగదు, ఏదో ఒక రోజు ఘాట్ రోడ్డు దిగుతుంటే తెగుతుంది.

యాక్సిల్‌ను మెల్లగా దించితే స్ప్రింగ్ వదులవుతుంది. గట్టి యాక్సిల్ బండిలో చాలాసార్లు స్ప్రింగ్ కంప్రెసర్ అవసరం పడదు. స్ప్రింగ్ మీద ఉండే రబ్బరు ముక్క పారేయకూడదు, దాంతో పాటే స్పేసర్ పెట్టాలి. స్ప్రింగ్ చివర కింది సీటులో ఉన్న గాడిలో సరిగ్గా ఆనాలి. స్పేసర్ జరుగుతుంటే చేత్తో పట్టుకోవద్దు. టేపుతో స్ప్రింగ్‌కు అంటించి, చేయి బయటికి తీశాకే జాకీ లేపాలి. యాక్సిల్ లేస్తున్నప్పుడు ఎవరి చేయీ లోపల ఉండకూడదు. ఇది మాత్రం రెండుసార్లు వినండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి గాల్లో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. చేతి బిగువుతో ఉంచి, చక్రాలు వేసి, బండి బరువు నేల మీదికి వచ్చాక చివరి బిగింపు ఇవ్వాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలో పట్టేస్తుంది, కొన్నాళ్ళకు చినుగుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ మళ్ళీ చూడాలి.

ప్రాడో, ఫార్చ్యూనర్ లాంటి బండ్లు ఉన్నవాళ్ళకు వేరే మాట. వాటి ముందు భాగంలో స్ప్రింగ్, షాకప్సర్ కలిసి ఒకే సెట్టుగా ఉంటాయి. స్ప్రింగ్ అందులో నొక్కి పెట్టి ఉంటుంది. పైనున్న నడిమి నట్టు కంప్రెసర్ లేకుండా విప్పితే అది తుపాకీ గుండులాగా లేస్తుంది. ఆ పని రూమ్ దగ్గర అసలు వద్దు. తెలిసిన వర్క్‌షాప్‌కే పోండి.

ఎత్తు పెరిగాక ఏం మారుతుంది

30 మిల్లీమీటర్లు అంటే వేలి కణుపంత. అయినా బండిలో చాలా వాటిని అది కదిలిస్తుంది.

షాకప్సర్ పొడవు పాతదే. బండి ఇప్పుడు పైకి ఉంది కాబట్టి చక్రం కిందికి దిగడానికి మిగిలిన పొడవు తగ్గింది. గుంటలో చక్రం పడినప్పుడు షాకప్సర్ చివరిదాకా సాగి టక్కుమంటుంది. 30 దాకా చాలా బండ్లు తట్టుకుంటాయి. 50 వేస్తే పొడవైన షాకప్సర్లు లేకుండా నడపొద్దు. పైకి వచ్చే వైపు కూడా చూడాలి. బంప్ స్టాప్ రబ్బరు తగలకముందే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటే చుట్లు దెబ్బతింటాయి. అందుకే స్పేసర్ ఎంత మందమో బంప్ స్టాప్‌ను కూడా అంత దించుతారు.

స్టీరింగ్ తేడా తెలుస్తుంది. ముందు యాక్సిల్ ఆర్మ్‌ల కోణం మారి క్యాస్టర్ తగ్గుతుంది. వంపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం తగ్గుతుంది. హైవే మీద 120లో బండి అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. నాకు అలాగే అయింది, అలైన్‌మెంట్ చూపించి సరి చేయించా. కొన్ని బండ్లలో వెనక యాక్సిల్‌కు బరువును బట్టి బ్రేక్ ఒత్తిడి మార్చే వాల్వ్ ఉంటుంది. బాడీ లేస్తే ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేక్ తగ్గిస్తుంది. దాని రాడ్డు సర్దించాలి. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొట్టకుండా దించాలి.

అన్నిటికంటే పెద్దది, బరువు కేంద్రం పైకి వెళ్తుంది. పైన క్యారియర్ మీద నీళ్ళ క్యాన్లు, గ్యాస్, టెంట్ కట్టి, లోపల ఐదుగురు కూర్చుని దిబ్బను అడ్డంగా దాటితే బండి దొర్లుతుంది. ఎత్తు పెరిగిన బండిలో ధైర్యం కూడా పెరుగుతుంది. ఆ ధైర్యం బండిది కాదు.

పాసింగ్, పోలీసు

ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా బండి ఇంజన్‌లో, చాసిస్‌లో మార్పులు చేస్తే జరిమానా, బ్లాక్ పాయింట్లు, బండి సీజ్ దాకా ఉంటుంది. ముల్కియా రెన్యువల్ అప్పుడు పాసింగ్‌లో బండి కిందికి చూస్తారు. కాబట్టి ఏదైనా వేసే ముందు మీ ఎమిరేట్ టెస్టింగ్ సెంటర్‌లో అడగండి, దేనికి అనుమతి ఉందో తెలుసుకోండి, కాగితం దగ్గర పెట్టుకోండి. సౌదీ, ఒమన్, ఖతర్‌లో ఉన్నవాళ్ళు అక్కడి రూలు అక్కడే అడగండి. ఇన్సూరెన్స్ వాడికి కూడా చెప్పాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు వాడు చేతులెత్తేస్తాడు.

కంపెనీ బండికి మాత్రం బోల్టు కూడా ముట్టుకోవద్దు. అలాగే, మీకు పని వచ్చని తెలిసి "నా బండికి కూడా వేసి పెట్టు అన్నా, డబ్బులిస్తా" అని అడిగేవాళ్ళుంటారు. మన వీసా మన కంపెనీ పనికే. బయట డబ్బు తీసుకుని మెకానిక్ పని చేస్తే పట్టుబడ్డ రోజు వంద దిర్హాముల కోసం ఉద్యోగమే పోతుంది.

ఇంటికి పోయి థార్ కొని ఎత్తు పెంచుదామనుకునే వాళ్ళకు కూడా ఒక మాట. మన దేశంలో కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి కొనండి.

ఇప్పుడు నా బండి

రెండేళ్ళ తర్వాత డబ్బు కూడబెట్టి నాలుగు కొత్త స్ప్రింగులు, వాటికి తగ్గ షాకప్సర్లు వేయించా. స్పేసర్లు తీసేశా. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: మీ స్ప్రింగులు బాగుండి, కొంచెం ఎత్తు కావాలంటే 30 దాకా స్పేసర్ పనికొస్తుంది. స్ప్రింగులు కుంగిపోతే స్ప్రింగులే మార్చండి. ఏది చేసేముందైనా టైరులో గాలి దించి ఒకసారి ఇసుకలో తిప్పి చూడండి.

రెండో ప్రశ్న, రూమ్ దగ్గర వేసుకోవచ్చా? కాంక్రీట్ నేల, రేటింగ్ ఉన్న స్టాండ్లు, పని తెలిసిన చేయి, అక్కడ చేసుకోవడానికి అనుమతి. ఈ నాలుగూ ఉంటే చేసుకోండి. నాలుగులో ఒక్కటి లేకపోయినా వద్దు. కూలీ మిగిలిందని నేను లెక్క వేసుకున్న డబ్బు 150 దిర్హాములు.

సైట్‌లో మనకు హెల్మెట్ పెట్టుకోమని, బెల్ట్ కట్టుకోమని చెప్పడానికి సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు. తిట్టుకుంటూనే అయినా కట్టుకుంటాం. సెలవు రోజు ఆయన ఉండడు. రూమ్‌లో గ్యాస్ సిలిండర్ మార్చేటప్పుడు, ఏసీ పైకి ఎక్కేటప్పుడు, బండి కింద దూరేటప్పుడు మనకు మనమే. నేను ఇప్పుడు సెలవుకు ముందు రోజు టూల్‌బాక్స్ టాక్‌లో పని మాటలయ్యాక ఇంకొకటి అడుగుతా. "రేపు ఎవరెవరు ఏం పని పెట్టుకున్నారు?" అని. మొదట్లో నవ్వేవాళ్ళు. ఇప్పుడు చెప్తారు. ఒకడు మంచం వెల్డింగ్ అంటాడు, ఒకడు పైకప్పు మీద డిష్ సర్దాలంటాడు. రెండు నిమిషాలు దాని గురించి మాట్లాడుకుంటాం.

ఆ లైన్‌లో మా తమ్ముడు కూడా నిలబడి ఉంటాడు. కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరైనా నవ్వితే వాడు ఏమీ అనడు, ఎడమ చేయి గ్లవ్ తీసి చూపిస్తాడు.

మీ దగ్గర కూడా ఇలాంటి అనుభవం ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పమంటే చెప్తాం, వద్దంటే చెప్పం. వచ్చేసారి టైరు గాలి, ఇసుకలోంచి బండి లాగే తాడు, షాకిల్ గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ప్రాణాల మీదికి వచ్చే తప్పులు చాలా ఉన్నాయి. అప్పటిదాకా జాగ్రత్త. నీళ్ళు తాగండి, ఇంటికి ఫోన్ చేయండి. ఉంటా మరి.